ఇప్పుడు మనమేడున్నం, బిడ్డా?

మా మామ పోయిండు. మా ఆయన తండ్రి. పోయిన బేస్తవారం పొద్దుగాల ఇంట్లనే, తన మంచంల పానం ఇడిసిండు.

ఆ కబురు నాకు బహదూర్‌పురా చౌరస్తల అందింది. నేను క్యాబ్ నడుపుత. ఎనక సీట్ల ఒక తల్లి, ఆమె చిన్న బిడ్డ కూసున్నరు, జూ పార్కుకు పోతున్నరు. ముందట స్టాండుకు పెట్టిన ఫోన్ల మ్యాపు నడుస్తున్నది. దాని మీద మా ఆయన పేరు లేసింది. ఎత్తిన. "బాపు పోయిండు" అన్నడు, గంతే. ఆయన పెట్టేసిండో లేదో మ్యాపు మళ్ల వచ్చింది. ఎడమకు తిరగమని ఫోన్ల ఆడగొంతు చెప్పవట్టింది. తిరగాల్నని నాకు తెలుసు. చేతులు రాలే. ఎనక బండ్లోళ్లు హారన్లు కొట్టుడు షురూ చేసిండ్రు.

"ఏమైందక్కా?" అని అడిగింది ఆ తల్లి.

"మా మామ పోయిండమ్మా."

ఆమె బిడ్డను సంకకెత్తుకొని దిగింది. దిగి, నా కిటికీ కాడికొచ్చి, పిల్ల నీళ్ల సీసా నా చేతుల పెట్టింది. "బండి పక్కకు పెట్టుండ్రి. నీళ్లు తాగి, జర సేపు కూసొని పోండ్రి. గిట్లనే నడపకుండ్రి అక్కా" అన్నది. ఆమె చెప్పినట్టే చేసిన. ఆమె పేరేందో నాకు తెల్వది.

మామ బతుకంత టూరిస్టు టాక్సీ నడిపిండు. మేముండేది శాలిబండల. మా గల్లీల స్కూటర్ ఎదురొస్తేనే మనిషి గోడకు అతుక్కోవాలె, ఇంక కారేడ పడతది? బండి మెయిన్ రోడ్డు మీద, ఒక బట్టల దుకాణం పక్కకు పెట్టేటోడు. ఆ దుకాణం సేటు పొద్దుగాల షట్టర్ లేపేసరికి మామ అద్దాలు తుడుస్తుండేటోడట. తిరుపతి, షిర్డీ, హంపి, శ్రీశైలం, ఎటంటే అటు పార్టీలను, అంటే కిరాయికి మాట్లాడుకున్నోళ్లను, తీస్కపోయేటోడు.

ఒక్కో రాష్ట్రానికి ఒక్కో మ్యాపు ఆయన కాడ ఉండేది. బస్టాండ్ల పుస్తకాల కొట్లల్ల కొన్నయి. వాటిని మ్యాపులు అనకపోతుండె, "కాయితం" అంటుండె. మడతల కాడ చినిగిపోతే ఎనకకెళ్లి టేపు అతికిచ్చుకునేటోడు. చీరల కవర్ల పెట్టి సీటు కింద దాచేటోడు. బయలెల్లే ముందు బానెట్ మీద పరిసి, గాలికి లేవకుంట ఒక మూల చాయ్ గిలాస పెట్టి, పెదవులు కదుపుకుంట చూసేటోడు. చూసుడు అయినంక మడిచి లోపల పెడితే, మళ్ల చాయ్‌కి ఆగేదాంక తియ్యకపోతుండె.

"నడిపేటప్పుడు కాయితం చూస్తే రోడ్డెవలు చూస్తరు?" అనేటోడు.

ఆ మడుచుడు ఆయనకే వస్తుండె. నేను మడిస్తే పూరీ లెక్క పొంగేది. నా చేతులకెళ్లి తీస్కొని, మొత్తం ఇప్పి, మళ్ల మొదటికెళ్లి మడిచేటోడు.

ఆయనకు తొవ్వలన్ని ఎరుకేనని నేను గొప్పలు చెప్ప. శానసార్లు తప్పిండు. ఒకసారి పెండ్లోళ్లను తీస్కపోయి వేరే ఊర్ల పెండ్లి కాడ దింపిండు. వాళ్లు పోయి ముందల కుర్సీలల్ల కూసున్నరు, శర్బత్ తాగిండ్రు. పెండ్లిపిల్ల పందిట్లకు వచ్చినంక గాని అది తమ పిల్ల గాదని తెల్వలే. ఈ ముచ్చట మా అత్త చెప్పబోతె నవ్వు ఆగక సగంల ఇడిచిపెట్టేది. మిగిలిన సగం మామనే చెప్పేటోడు, మొకంల నవ్వు లేకుంట.

నాకు బండి నేర్పింది ఆయనే. మా బిడ్డ బడికి పోవుడు మొదలైనంక నేను డ్రైవింగు నేర్సుకుంట అన్న. మా ఆయన ఏమనలే, అత్త మాత్రం లొల్లి చేసింది. "కోడలు టాక్సీ నడుపుతదా? గల్లీల మొకమెట్ల చూపెట్టాలె?" అని.

మామ అన్నం తింటున్నడు. తల లేపకుంటనే, "నీ మొకం నువ్వు చూపెట్టు. ఆమె రోడ్డు చూస్తది" అన్నడు. గంతే, ఆ లొల్లి ఆడికి ఖతమైంది.

పొద్దుగాల రోడ్లు ఖాళీగ ఉన్నప్పుడు మీరాలం చెరువు దిక్కు తీస్కపోయేటోడు. క్లచ్చి, గేరు గురించి తక్కువ చెప్పేటోడు. నేను జర కుదురుగ నడుపుతున్ననని అనుకునేటాళ్లకు, "ఆపు" అనేటోడు. ఆపేదాన్ని.

"ఇప్పుడు మనమేడున్నం, బిడ్డా?"

రోడ్డు పేరు చెప్తే ఒప్పుకోకపోతుండె. చార్మినార్ ఏ దిక్కున్నది, మూసీ ఏ దిక్కున్నది, మనమొచ్చిన తొవ్వ ఏది, అన్ని చెప్పాలె. నేను ఫోను తియ్యబోతే దాని మీద చెయ్యి అడ్డం పెట్టేటోడు. "ఎటు పోవాల్నో తర్వాత చూద్దం. ఏడున్నమో ముందుగాల చెప్పు. కాయితంల అన్ని ఊర్లుంటయి బిడ్డా, నువ్వుండవు. నువ్వేడున్నవో నువ్వే దానికి చెప్పాలె."

నేను క్యాబ్ నడుపుడు మొదలువెట్టినంక ఇంట్ల రోజూ ఇదే పంచాయితీ. నా బండ్ల ఫోను లేకుంటే పని నడవది. సవారీ ఏడున్నదో అదే చెప్పాలె, ఏడ దింపాల్నో అదే చెప్పాలె. ఆయనకు అది నచ్చలే.

"గా మిషిన్ చెప్తే బాయిల గూడ దిగుతవా?" అన్నడు ఒకనాడు.

"మామా, ముందట ట్రాఫిక్ ఉంటే దీంట్ల ఎర్రగ కనపడతది. నీ కాయితంల కనపడతదా?"

నోట్ల వక్క ఒక దవడకు జరిపిండు. "కనపడది" అన్నడు. ఓడిపోయిననే బాధ లేదు ఆ మాటల. ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునుడు ఆయనకు అలవాటు. కాని మర్నాడు మళ్ల బాయి కాడికెళ్లి మొదలువెట్టేటోడు.

మా తమ్ముని పెండ్లికి అచ్చంపేట అవతల మా అమ్మోళ్ల ఊరికి పోయినప్పుడు, ఆయన ముందు సీట్ల కాయితం ఒడిల పెట్టుకొని కూసున్నడు. నేను ఫోను పెట్టుకున్న. అడివి దగ్గరవడ్డంక సిగ్నల్ పోయింది, ఫోన్ల మ్యాపు ఆగిపోయింది. మామకు మస్తు సంబురమైంది. కాయితం ఇప్పి, "ఇగో, ఇటు పోనియ్" అన్నడు. పోయినం. జరంత దూరం పోయేసరికి ఆ రోడ్డు ఒక చెరువుకట్ట కాడ ఖతమైంది. కొత్త రోడ్డు పడ్డంక పాతది ఇడిచిపెట్టిండ్రట. కాయితంకు ఆ సంగతి తెల్వది. మేకలు మేపే ఒకామె మమ్మల్ని చూసి, "ఎనకకు పోండ్రి, కల్లు దుకాణం కాడ తిరగాలె" అని అరిసింది.

మామ కాయితం మడిచి లోపల పెట్టిండు. "ఇద్దరం ఓడినం బిడ్డా" అని నవ్విండు. ఆయన గట్ల నోరారా నవ్వంగ నేను చూసింది అదే ఆఖరు.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందు, మా బిడ్డకు గాజులు తీసుకుందమని లాడ్ బజార్‌కు నడుసుకుంట పోయినం. మామ గూడ వచ్చిండు. పండుగ గిరాకీ, మనిషి మీద మనిషి. గాజులు తీస్కొని బయటికొచ్చి చార్మినార్ ముందల నిలవడ్డం. మామ ఆగిండు.

"ఇప్పుడు మనమేడున్నం, బిడ్డా?"

నేను నవ్విన. "ఇంక పరీక్షలేంది మామా, నేనిప్పుడు డ్రైవర్‌నే."

ఆయన నవ్వలే. నా మోచెయ్యి పట్టుకున్నడు. రోడ్డు దాటేటప్పుడు చిన్నపిల్లలు పట్టుకుంటరే, గట్ల. "చెప్పు" అన్నడు.

"చార్మినార్ కాడున్నం మామా. గదే ముందట."

తల లేపి మినార్లు చూసిండు. కిందికెళ్లి మీదికి, మళ్ల మీదికెళ్లి కిందికి. "చార్మినార్" అన్నడు, ఎవలో కొత్త మనిషి పేరు చెప్తే మనం మళ్ల అనుకున్నట్టు. "ఎటు పోవాలె మరి?"

ఆడికెళ్లి మా ఇల్లు సీదా తొవ్వ. ఆయన పుట్టి పెరిగిన తొవ్వ. ఇంటి కడప దాటేదాంక నా మోచెయ్యి ఇడువలే.

డాక్టర్ మతిమరుపు రోగం అని చెప్పిండు. గోలీలు ఇచ్చిండు. ముదురుడు జర ఆలస్యమైతదేమో గాని, పోయింది మళ్ల రాదని గూడ అప్పుడే చెప్పిండు. మా ఆయన కారు తాళం దాచిపెట్టిండు. మామ రోజూ అంగి జేబులు ఎతికేటోడు, దిండు కింద ఎతికేటోడు, బియ్యం డబ్బల చెయ్యి పెట్టేటోడు. ఒకనాడు నా మీదికి వచ్చి, "నా బండి నువ్వే గుంజుకున్నవ్. నేర్పిచ్చినందుకు నాకు మంచిగనే చేసినవ్" అన్నడు. ఆ మాట అన్నది రోగం, ఆయన గాదు అని అందరు నాకు చెప్పిండ్రు. కావొచ్చు. అన్నది మాత్రం ఆయన నోరే, ఆయన గొంతే. నేను వంటింట్లకు పోయి ఏడ్సిన.

కాయితాలు మాత్రం మర్సిపోలే. మంచం మీద పరుసుకొని దినమంత చూసేటోడు. నేను పని నుంచి రాంగనే పిలిసేటోడు. "మనమేడున్నమో నా ఏలు పెట్టు బిడ్డా." నేను ఆయన ఏలు పట్టుకొని హైదరాబాద్ మీద పెడుతుంటి. పెద్ద గుండ్రటి చుక్క.

"మన ఇల్లు?"

"దీంట్లనే మామా."

"మన గల్లీ?"

"అదీ దీంట్లనే."

"అత్త?"

"అత్త గూడ దీంట్లనే ఉన్నది."

ఏలు తీసి చూసుకునేటోడు, ఏలికి ఏమన్న అంటిందేమో అన్నట్టు.

గప్పుడే నాకు ఫోను చూపెట్టాలనిపించింది. మ్యాపు తెరిసి, పెద్దగ చేసి, మా గల్లీ మీద నీలం చుక్క చూపెట్టిన. "గిది నేనా?" అన్నడు. "నువ్వే మామా." ఫోను పట్టుకొని లేసి, అర్రల ఆ గోడ నుంచి ఈ గోడ దాంక నడిసిండు. చుక్క కదిలిందో లేదో అని చూసుకుంట మళ్ల నడిసిండు. అంత చిన్న అర్రల అది యాడ కదులుతది? గుమ్మంల నిలవడి అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

అన్ని దినాలు తిట్టిన మిషిన్‌ను ఆయన అప్పటికెళ్లి ఇడువలే. అత్త ఒక గుడ్డ సంచి కుట్టి, ఇంట్ల ఊకె పడున్న పాత ఫోను అండ్ల పెట్టి, మెడల ఏసింది. ఆయన ఏడున్నడో నా ఫోన్ల కనపడేటట్టు మా ఆయన పెట్టిండు. నేను ఏ సిగ్నల్ కాడ ఆగినా ఒకసారి చూసుకుంటుంటి. చుక్క శాలిబండలనే ఉంటే, ఫికర్ లేదు అనుకుంటుంటి.

వానకాలంల ఒకనాడు మధ్యాహ్నం అత్త నల్లా నీళ్లు పట్టబోయింది. తలుపు దగ్గరికేసింది గాని గొళ్లెం పెట్టలే. వచ్చేసరికి మంచం ఖాళీ. నాకు ఫోను చేసి, "ముసలాయన లేడే" అన్నది. నేనప్పుడు మెహదీపట్నంల ఉన్న. చూసిన. చుక్క లాడ్ బజార్ల ఉన్నది. కదులుతలేదు. గాజుల కాడ కూసున్నడు గావచ్చు అని పానం జర కుదుటవడ్డది. బండి దొరికిన కాడ పెట్టి, మందిల నుంచి ఉరికిన. తొవ్వ పొడుగూత ఆ చుక్కనే చూసుకుంట పోయిన.

చుక్క ఉన్న కాడ ఒక గాజుల దుకాణం ఉన్నది. మామ లేడు. దుకాణపాయన కౌంటర్ మీద ఆ గుడ్డ సంచి ఉన్నది.

"చచా దేకే గయే" అన్నడాయన. "కిసీకా గిర్ గయా బోలే. ఆయే తో దేదేనా బోలే."

ఎవలిదో పడిపోయింది, వస్తే ఇచ్చెయ్యి అని సంచి చేతుల పెట్టి పోయిండట మామ. ఆ సంచి తనదని ఆయనకు తెల్వలే.

"ఎటు పోయిండు భాయ్?"

ఆయన చెయ్యి ఎత్తి మంది దిక్కు చూపెట్టిండు. తర్వాత నా మొకం చూసి, గిరాకీ ఇడిచిపెట్టి, షట్టర్ సగం గుంజి, నాతోని దేవులాడ వచ్చిండు. పత్తర్‌గట్టి దాంక పోయినం, మక్కా మసీదు ఎనక చూసినం. మా ఆయన పోలీస్ స్టేషన్ల ఫొటో ఇచ్చిండు. మా గల్లీ ఆటోలోళ్లు తలో దిక్కు పోయిండ్రు. పొద్దూకేటాళ్లకు వాన పట్టింది. ఆ సంచి నా మెడలనే ఉన్నది. ఊకె అలవాటుగ నా ఫోన్ల చూస్తుంటి. చుక్క నేను నిలవడ్డ కాడనే కనపడుతుండె.

మర్నాడు పొద్దుగాల ఆరాంఘర్ దిక్కుకెళ్లి కబురొచ్చింది. బెంగళూరు రోడ్డు ఎక్కేకాడ, పైపుల కోసం తవ్విన గుంతల పడి ఉన్నడు. ఒక పంక్చర్ దుకాణపాయన దుకాణం తెరవ వచ్చి, మూలుగుడు ఇని, ఇంకిద్దర్ని పిలిసి బయటికి తీసిండు. మేం పోయేసరికి తన నులక మంచం మీద పండవెట్టి గోనెసంచులు కప్పిండు. మామ పెదవులు నల్లగైనయి. ఒక కాలు పక్కకు తిరిగిపోయి ఉన్నది.

"మీ ఇల్లేడ అని శానసార్లు అడిగిన అమ్మా" అన్నడు ఆ పంక్చర్ ఆయన. "ఇంటి ముచ్చటే చెప్తలేడు. కర్నూలు ఎటు, కర్నూలు ఎటు అని అడుగుతున్నడు."

మామ నన్ను చూసిండు. "వచ్చినవా బిడ్డా? పార్టీ ఎదురుచూస్తున్నది, బండి తియ్యి" అన్నడు.

తుంటి బొక్క ఇరిగింది. ఆపరేషన్‌ను గుండె తట్టుకోదన్నరు. ఇంటికి తీసుకొచ్చినం. అటెంక మామ లేవలే. ఒకే పక్కకు పండుకునీ పండుకునీ ఈపు మీద పుండ్లు పడ్డయి. కడిగేటప్పుడు ఆయన అరిసే అరుపు గల్లీ మొత్తం ఇనపడేది. దేవుడు జల్ది తీస్కపోతే బాగుండని అత్త బయటికే అన్నది. మా అందరి కడుపుల ఉన్నదే ఆమె అన్నది.

నొప్పి జర తగ్గినప్పుడు తను కార్ల ఉన్నట్టు అనుకునేటోడు. దుప్పటి కింద మంచిగున్న కాలు కదిలేది. బ్రేకు. మళ్ల బ్రేకు. చేతులు ఛాతీ మీద గుండ్రంగ తిరిగేటియి. పోయే ముందుదినం మాపటికి నేను పక్కన కూసొని నీళ్లు చంచాతోని పోస్తున్న. కండ్లు తెరిసిండు.

"బిడ్డా, నువ్వు నడుపుతున్నవా?"

"నడుపుతున్న మామా."

"అయితే నేను జర పండుకుంట" అన్నడు. కాలు కదులుడు ఆగింది.

తోటి డ్రైవర్లు పరామర్శకు వచ్చినప్పుడు గూడ ఆ పాత పంచాయితీ తీసిండ్రు. ఫోను మంచిదా, కాయితం మంచిదా, మామ ఏమనేటోడు అని. నేనేం చెప్పాలె? రేపు పనికి పోతే ఫోను పెట్టుకొనే పోత. అది లేకుంటే నాకు బువ్వ లేదు. మామ కాయితాలు అత్త దాచిపెట్టింది, పారెయ్యం. కాని ఆయన మాకు దొరకకుంట పోయిన దినం ఫోను నన్ను ఒక దుకాణం కాడికి తీస్కపోయి నిలవెట్టింది. కాయితం మంచం మీద పరిసినట్టే ఉన్నది. ఆయన్ను చూసింది పంక్చర్ దుకాణపాయన. అంతకు మించి నాకు తెల్వది.

బేస్తవారం మధ్యాహ్నం శవం బండి వచ్చింది. దాని డ్రైవర్ మెయిన్ రోడ్డు మీదికెళ్లి ఫోను చేసిండు. "అక్కా, మీ గల్లీ దొరికింది గాని బండి పట్టేటట్టు లేదు" అని. పట్టదు. మామను మోసుకొనే గల్లీ దాటిచ్చిండ్రు. ఎదురొచ్చినోళ్లంత గోడలకు ఆనుకొని తొవ్వ ఇచ్చిండ్రు. మా ఇండ్లల్ల ఆడోళ్లు శ్మశానం దాంక పోరు. నేను రోడ్డు దాంక వచ్చిన.

బండి పురానాపూల్ దిక్కు పోవాలె. దాని మొకమేమో ఎదురు దిక్కున్నది. అది తిరగాలంటే రోడ్డు మొత్తం ఆగాలె, సంత లెక్క ఉన్నది రోడ్డు. ఎవలు చెప్పలే నాకు. పోయి రోడ్డు నడిమిట్ల నిలవడ్డ. ఒక చెయ్యి అడ్డం పెట్టి వచ్చేటోళ్లను ఆపిన, ఇంకో చెయ్యితోని డ్రైవర్‌కు చెప్పిన. "రానియ్... రానియ్... కట్ చెయ్... ఇంక జర... ఆ, సీదా." ఆటోలు ఆగినయి. స్కూటర్లు ఆగినయి. ఒక పండ్ల బండి ఆయన తన తోపుడు బండిని కడుపుతోని ఆపి నిలవడ్డడు. శవం బండి మెల్లగ తిరిగింది, నా పక్కకెళ్లి పోయింది, ఎనక అద్దంల మా ఆయన మొకం ఒక్కసారి కనపడి పోయింది.

బండి మలుపు తిరిగినంక గూడ నేను చెయ్యి దించలే. రెండు దిక్కుల బండ్లు అట్లనే నిలవడి నా దిక్కు చూస్తున్నయి.